పేడ లేని సావిడి

పెడనలో మా పుట్టింటి గొడ్ల సావిడి పడగొట్టించే పని చివరికి నా నెత్తిన పడింది. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు కనక. అమెరికాలో ఉన్నవాళ్ళకి సలహాలు చెప్పే పని తప్ప మరో పని అప్పజెప్పకూడదని మన ఇళ్ళల్లో ఒక నియమం ఉంది కదండీ! మా వారేమో "నీ పుట్టింటి వ్యవహారంలో నేనెందుకు?" అని పెద్దమనిషి తరహాగా తప్పుకున్నారు. పుట్టింటి నుంచి మామిడిపళ్ళ బుట్ట దిగినప్పుడు మాత్రం ఈ సందేహం ఆయనకెన్నడూ రాలేదు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. డెబ్భై దాటిన అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు వచ్చెయ్యమంటే "కాళ్ళాడినన్నాళ్ళూ ఇక్కడే" అంటుంది. ఇంటి వెనక పెరడు, పెరటి చివర సావిడి. కిందటి వానాకాలం వెళ్ళాక పక్కింటి బాబాయి నాకు ఫోను చేశాడు.

"సావిడి జానెడు ఒరిగింది అమ్మాయ్. మా మగ్గం మీదికే చూస్తోంది" అన్నాడు.

ఆఖరి గేదెని అమ్మి పదేళ్ళు దాటింది. ఆ మాటకొస్తే మా ప్రాంతంలో సావిళ్ళు ఖాళీ అయి చాలాకాలమైంది. ట్రాక్టర్లొచ్చి ఎడ్లని సాగనంపాయి. కోతమిషన్లొచ్చి గడ్డివాముల్ని సాగనంపాయి. కొన్ని పొలాలైతే ఏకంగా చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోయాయి. మిగిలిన సావిళ్ళలో మోటారు సైకిళ్ళుంటున్నాయి. మాదాంట్లో అవి కూడా లేవు. విరిగిన మడత మంచం, ఖాళీ ఎరువుల సంచులు, అన్నయ్య చిన్నప్పటి మూడు చక్రాల సైకిలు. ఆ సైకిలుకి ఇప్పుడు చక్రం ఒక్కటే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ సావిడిని పెట్టుకుని నేనొక నవల రాశాను. అందులో మూడు ప్రకరణాలు పూర్తిగా ఆ సావిట్లోనే నడుస్తాయి. సాయంత్రం దోమలకి వేసిన పొగ, లేగదూడ మెడలో గంట, నులకమంచం మీద తాతయ్య, పిల్లల ఎత్తులు కొలిచి నిట్రాడు మీద పెట్టిన సున్నం బొట్లు! చదివి కంటనీరు పెట్టుకున్నామని ముగ్గురు నలుగురు పాఠకురాళ్ళు ఉత్తరాలు కూడా రాశారు. రాస్తూ నేనూ పెట్టుకున్నాను, దాచడమెందుకు.

అందుకని రైలెక్కిన దగ్గర్నుంచీ నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది. నాకే ఇలా ఉంటే యాభై ఏళ్ళు ఆ సావిడితో బతికిన అమ్మ పరిస్థితి ఏమిటి? ఆవిణ్ణి ఓదార్చడానికి దారిపొడుగునా కొన్ని వాక్యాలు కూర్చుకున్నాను. మంచి వాక్యాలే, ఏదైనా కథలో వాడుకోవచ్చు.

గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది:

"ఎన్నాళ్ళుంటావు? ఈలోపల దాన్ని పీకించెయ్యగలవా?"

నా వాక్యాలన్నీ సంచీలోనే ఉండిపోయాయి.

మర్నాడు మొదటి కాంట్రాక్టరు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. సావిడిని రెండంటే రెండు నిమిషాలు చూశాడు.

"జేసీబీ పెడితే రెండు గంటల పని మేడంగారూ. సామానూ చెత్తా అంతా మేమే తోలేసుకుంటాం. పద్దెనిమిది వేలివ్వండి చాలు."

పద్దెనిమిది వేలతో ఒక దుఃఖం తీరిపోతుందంటే అదేమంత ఎక్కువనిపించలేదు నాకు. సరేననబోతున్నాను. అమ్మ వెనక వసారాలో కూచుని చింతపండులో గింజలు తీస్తోంది, తలెత్తలేదు. ఇంతలో గోడ పైనుంచి పక్కింటి బాబాయి తల కనిపించింది.

"జేసీబీ అంటున్నావు, ఈ మధ్యగోడ ఎవరిదనుకున్నావు బాబూ?"

సావిడికి తూర్పు గోడా, బాబాయి మగ్గం గదికి పడమటి గోడా ఒకటే. పాతకాలపు మట్టిగోడ. పెడన గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. బందరుకి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్ళో రెండే చప్పుళ్ళు ఎక్కువ. ఒకటి మగ్గం చప్పుడు, రెండోది కలంకారీ అద్దకంవాళ్ళు బల్ల మీద అచ్చుమీద గుద్దే చప్పుడు. బాబాయిది గుంటమగ్గం. నేలలో గుంట తీసి, అంచున కూచుని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతూ నేస్తాడు. మగ్గం రాటలు భూమిలో పాతి ఉంటాయి. పక్కన ఇనప చెయ్యి నేలని అదరగొడితే ఆ రాటలు సూటి తప్పుతాయి, గోడ కూలితే నేరుగా పడుగు మీదే కూలుతుంది.

"ఏం కాదులే తాతా, మావాడు మెల్లగా లాగుతాడు" అన్నాడు కాంట్రాక్టరు.

అమ్మ అప్పుడు నోరు విప్పింది. "మెల్లగా లాగే జేసీబీ ఎక్కడైనా ఉందా నాయనా?"

ఆయన నల్ల కళ్ళద్దాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

రెండో ఆయన గుడివాడ వైపునుంచి వచ్చాడు. పెద్దాయన. పాత ఇళ్ళు కొని సామాను అమ్ముకోవడం ఆయన వృత్తి. తండ్రి కూడా అదే చేసేవాడట, ఇప్పుడు కొడుకులిద్దరూ అదే చేస్తున్నారు. ఆయన నోట పడగొట్టడం అన్న మాటే రాలేదు. "విప్పుతాం" అన్నాడు.

"పడగొడితే చెత్త వస్తుందమ్మగారూ. విప్పితే సామాను వస్తుంది."

ఆ మాటకి నేను పడిపోయాను. రచయిత్రులు మాటలకి పడిపోయినంత తొందరగా మట్టిగోడలు కూడా పడవు. పైగా ఈయనకి మనం డబ్బివ్వక్కర్లేదు, ఆయనే మనకిస్తాడట! కూలీలు ఆయనవాళ్ళే, బండి ఆయనదే. ఇదేదో బాగానే ఉందే అనుకున్నాను.

అరగంటసేపు సావిడి చుట్టూ తిరిగాడు. నిట్రాళ్ళని వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. ఏది చూసినా ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. ఆ మొహం పెట్టడం ఆ వృత్తిలో సగం పనని తర్వాత గాని నాకు తెలియలేదు.

"నిట్రాళ్ళు అడుగున పుచ్చాయి. పెంకులు చూశారా, అంతా పాకుడు. తాటివాసాలు పొయ్యిలోకి తప్ప దేనికీ రావు. ఏదో మీ మొహం చూసి, పన్నెండు వేలు."

"పదమూడు!" అన్నాను ధైర్యంగా.

"సరే అమ్మగారూ" అన్నాడు వెంటనే.

నా ఆనందం మీకు చెప్పలేను. ఇరవయ్యేళ్ళుగా పుస్తకాలు రాస్తున్నాను, ప్రచురణకర్త దగ్గర ఒక్కసారి కూడా వెయ్యి రూపాయలు పైకి లాగలేకపోయాను. కానీ చీరల కొట్లో మీరు చెప్పిన ధరకి కొట్టువాడు వెంటనే సరేనంటే మీకేమనిపిస్తుంది? నాకూ ఒక్క క్షణం ఆలస్యంగా అదే అనిపించింది. అప్పటికే ఆయన జేబులోంచి అడ్వాన్సు తీస్తున్నాడు.

అమ్మ చింతపండు పళ్ళెం పక్కన పెట్టింది. చూరులోంచి కొడవలి తీసుకుని సావిట్లోకి నడిచింది. నిట్రాడు మీద జానెడు మేర పైపైన గీకింది. బూడిదరంగు పొర లేచి లోపల తేనెరంగు బయటపడింది.

"వాసన చూడు బాబూ."

ఆయన చూడలేదు. నేను చూశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నూనెవాసన, కొత్త టేకు వాసన.

"అడుగున పుచ్చింది జానెడు. కోసి పారేస్తే పైన ఏడున్నర అడుగులు నికరంగా ఉంటుంది. ఆరంగుళాల చదరం. ఒక్కోటీ రెండడుగులకి కాస్త తక్కువ, ఎనిమిదికి పదిహేను ఘనపుటడుగులు. దూలాలు రెండూ పద్దెనిమిదేసి అడుగులు, ఎనిమిదీ ఆరూ. అవొక పన్నెండు. ఎంతయింది? ఇరవై ఏడు. పెంకులు ఎనిమిది వందల పైన. ఇప్పుడు నా మొహం చూసి చెప్పు."

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. మా అమ్మ సంతకం తప్ప కలం పట్టగా నేను చూడలేదు.

"నీకివన్నీ ఎలా తెలుసే?" అన్నాను తర్వాత.

"కట్టినప్పుడు నెలరోజులు వడ్రంగులకి అన్నాలు మోసింది ఎవరనుకున్నావ్? వాళ్ళ లెక్కలన్నీ నా ముందే చెప్పుకునేవాళ్ళు. చెవుల్లో దూది పెట్టుకున్నానా?"

అంతకుముందు ఉన్నది తాటాకు సావిడి. 1977 నవంబరు 19 రాత్రి అది లేచిపోయింది. ఆ తేదీ మా ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికొచ్చి పదివేలమందికి పైగా ప్రాణాలు తీసుకున్న రాత్రి. 1864లో బందరుని ముంచిన ఉప్పెన సంగతి పెద్దవాళ్ళు చెప్పగా విన్న తాతయ్య ఇంటికి అరుగు నడుమెత్తు కట్టించాడు. సముద్రం మా వీధి దాకా రాలేదు గానీ గాలి ఊరంతటినీ పట్టుకుని ఊపింది. సావిడి కప్పు పోగానే తాతయ్య పలుపులు కోసి గొడ్లన్నిటినీ ఇంట్లోకి తోలాడు. ఇళ్ళెగిరిపోయిన చుట్టుపక్కలవాళ్ళు కూడా మా ఇంట్లోకే వచ్చారు. అప్పటికి అన్నయ్య నెలల పిల్లవాడు. నేనింకా పుట్టలేదు.

ఆ రాత్రి నా నవలలో పదకొండు పేజీలుంది. చీకట్లో పసివాడి మొహానికి లేగదూడ ఊపిరి వెచ్చగా తగలడం, ఒకే కప్పు కింద మనుషులూ పశువులూ తెల్లవార్లూ ఒకళ్ళ భయం ఒకళ్ళు పంచుకోవడం. అమ్మకి ఆ సంగతి గుర్తు చేశాను.

"చదివాను" అంది.

ఈ నవల ఆవిడ చదివినట్టు నాకు అప్పటిదాకా తెలియదు.

"బాగానే రాశావు. తెల్లారాక ఆ ఇల్లంతా పడ్డ పేడ ఎవరెత్తారో రాయలేదు. పధ్నాలుగు తట్టలెత్తాను. చంకలో వీడు, బయట కాలు పెడితే మోకాల్లోతు నీళ్ళు. నీ పుస్తకంలో సావిడి మహా చక్కగా ఉందే. దాంట్లో పేడ లేదు."

నా నవలల మీద చాలా విమర్శలొచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులు కూడా రాశాను. దీనికి మాత్రం నాకేమీ తోచలేదు.

బేరం ముప్ఫయి ఒక వెయ్యి దగ్గర తెగింది. అయిదు వేలు అడ్వాన్సు. పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "అమ్మగారు ఏం చదువుకున్నారండీ?" అనడిగాడు.

"అయిదో క్లాసు."

"మరి ఈ మేడంగారు?"

"బి.ఏ."

ఆయన ఏమీ అనలేదు. మర్యాదస్తుడు.

అయితే పని మర్నాడు మొదలు కాలేదు. బాబాయి మగ్గం మీద ఉన్న పడుగులో ఇంకా రెండు చీరలు మిగిలాయి. సావిడి కప్పు విప్పితే లేచే దుమ్ము ఆ నూలు మీద పడితే చీర చీరంతా మచ్చలు. పోనీ దుప్పటి కప్పితే? కప్పితే నేసేదెలా? ముందు చీరలు దిగాలి, తర్వాత పెంకులు దిగాలి అని అమ్మ తేల్చింది. నేను రైలు టిక్కెట్టు వాయిదా వేసుకున్నాను. అయిదు రోజులు గోడ అవతల మగ్గం చప్పుడు వింటూ కూచున్నాను. బాబాయి పొద్దున అయిదింటికి మొదలుపెట్టి రాత్రి దీపం పెట్టాక కూడా ఆపలేదు. మా కోసం తొందరపడుతున్నాడని తెలిసి అమ్మ రోజూ గోడ మీదనుంచి కూరగిన్నె అందించేది.

ఈలోగా అన్నయ్య వీడియోలో ప్రత్యక్షమయ్యాడు. "అమ్మా, దాన్ని తీసెయ్యకండి. ఇక్కడైతే ఇలాంటివాటిని ఎంత అపురూపంగా చూసుకుంటారో తెలుసా! అలాగే ఉంచి, లోపల ఏసీ పెట్టి, చుట్టాలొస్తే దిగేలా చేద్దాం" అన్నాడు.

"నువ్వొచ్చి దిగుతావా?" అంది అమ్మ.

అటునుంచి సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చేసరికి అన్నయ్య ఒక్క పెంకు పంపిస్తే చాలన్నాడు, గోడకి తగిలించుకుంటాడట. అవి మంగుళూరు పెంకులు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన కార్ఖానా మూలాన ఆ రకానికంతటికీ ఆ పేరు వచ్చింది. ఒక్కోటీ రెండు కేజీల పైమాటే. విమానంలో దానికయ్యే ఛార్జీ వింటే అమ్మ బాబాయి చేత ఇంకో చీర నేయించేదే.

ఆరో రోజు పొద్దున్నే నలుగురు మనుషులతో పెద్దాయన దిగాడు. విప్పడమంటే ఏమిటో అప్పుడు చూశాను. కట్టిన వరసకి సరిగ్గా తిరుగు వరస. ముందు కొప్పు పెంకులు. తర్వాత పైనుంచి కిందికి ఒక్కో వరసా. పైనున్నవాడు చేతికందిస్తే నిచ్చెన మీదివాడు, వాడినుంచి కిందివాడు. ఒక్క పెంకు విసరలేదు. ఒకే పక్క నుంచి విప్పుకుపోకూడదట. ఇటు నాలుగు వరసలు తీస్తే అటు నాలుగు తియ్యాలి, లేకపోతే బరువు ఒకవైపే పడి ఒరిగిన సావిడి పూర్తిగా ఒరిగిపోతుంది. పెంకులయ్యాక రీపర్లు, తాటివాసాలు. వెన్నుగాడికి రెండు చివరలా మోకులు కట్టి నలుగురూ ఒక్క కేకతో దింపారు. తూర్పు దూలానికి కింద పోటు పెట్టాక గాని దాని మీద చెయ్యి వెయ్యలేదు. ఆ పూటంతా బాబాయి మగ్గం గదిలో గోడకి వీపు ఆనించి కూచున్నాడట. గోడ కదిలితే ముందు తనకే తెలియాలని.

గోడ కదల్లేదు. దాన్ని తీసెయ్యకుండా నడుమెత్తు పైన మట్టి మెత్తించి, పైకి రేకు వేయించి వదిలేశారు.

సావిట్లోంచి ఒక పాము కుబుసం, నాలుగు తేళ్ళు, రెండు పలుపుతాళ్ళు, చిలుముపట్టిన గంట ఒకటి బయటపడ్డాయి. గంట కోసం పరుగెత్తాను. నా నవలలో గంట! "అది దూడది కాదే, రోడ్డు మీద దొరికితే మీ అన్నయ్య తెచ్చాడు" అంది అమ్మ. నేను దాన్ని సంచీలో వేసుకున్నాను. కాకపోతే ఏం, గంట గంటే.

నాలుగో రోజు మధ్య నిట్రాడు వంతు వచ్చింది. దాని మీద సున్నం బొట్లు అలాగే ఉన్నాయి. వెలిసిపోయి, ఒకదాని కిందొకటి. నేను పెద్దాయన కొడుకుని ఆపాను.

"ఒక్క నిమిషం బాబూ, ఫొటో తీసుకోనీ. మా చిన్నప్పటి ఎత్తులవి."

అమ్మ గట్టిగా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

"ఎత్తులేవిటే! వేలెడు దూరానికొక బొట్టు ఉంది. నువ్వు వేలెడేసి పెరిగావా? ఎన్నున్నాయో లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ముప్ఫయి ఆరు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా లెక్కపెట్టాలని నాకు తోచలేదు. చూశాను, ఎత్తులనుకున్నాను, నవలలో రాసేశాను.

"నెలకొకటి పెట్టాను. నీ కాలేజీ మూడేళ్ళూ."

1997లో నా ఇంటర్ అయింది. అన్నయ్య ఇంజనీరింగుకి అప్పటికే అరెకరం అమ్మారు. ఆడపిల్లకి రోజూ బందరు బస్సు ఛార్జీలు దండగ అని నాయనమ్మ తేల్చేసింది. నాన్నగారు మాట్లాడలేదు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు నాన్నగారు "సరే, చేరు" అన్నారు. బందరు నోబుల్ కాలేజీలో బి.ఏ.లో చేరాను. నా నిరాహారదీక్ష ఫలించిందని పాతికేళ్ళకి పైగా నా నమ్మకం. ఆ సంగతి మీద ఒక కథ కూడా ఉంది.

"నువ్వన్నం మానేస్తే మీ నాన్న కరిగాడనుకున్నావా? ఆయన కూడా తిన్నాడు కాదు గానీ, డబ్బెక్కడిది? జీతం నాదని చెప్పాను. పాలకేంద్రానికి పోసేవి ఇంటి లెక్క. ఇంకో గేదె దూడ తాగాక మిగిలినవి బస్టాండు హోటలుకి పోసేదాన్ని. అవి నా లెక్క. నెల కాగానే ఆయన ఇచ్చింది నీ పేరన పక్కన పెట్టి, ఇక్కడొక బొట్టు."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు. మీ నాయనమ్మ ముందు తెలియనట్టుండేవాడు. అదే ఆయన మంచితనం."

అమ్మ ఆ నిట్రాడు వంక ఏదో పాత చుట్టాన్ని చూసినట్టు చూసింది. ప్రేమగా అని మాత్రం అనలేను.

"నాలుగింటికి లేవాలి. పేడ తియ్యాలి, కుడితి పెట్టాలి, పాలు పితకాలి. మళ్ళీ మూడింటికి అదే. ఆ గేదె నా చెయ్యి తప్ప ఒప్పుకునేది కాదు. మీ పిన్ని పెళ్ళికి ముహూర్తం వేళకి వెళ్ళి, సాయంత్రం పాలవేళకి వచ్చేశాను. అప్పగింతలు చూడలేదు. మీరంతా ఫొటోలు చూపించారు." చేతులు దులుపుకుంది. "కానీ బాబూ, విప్పు."

సాయంత్రానికి సామానంతా వీధిలో పేర్చారు. బండి కదలకముందే కలంకారీ అచ్చులు చెక్కే ఆయన ఒకాయన వచ్చాడు, కబురు ఎలా తెలిసిందో. అచ్చులకి పాత టేకే కావాలట. ఎన్నో ఎండలూ వానలూ చూసిన చెక్క రంగులో తడిసి ఆరినా వంకర పోదు. ఒక్క పువ్వుకి గీత అచ్చొకటి, లోపలి రంగులకి ఒక్కోదానికి ఒక్కోటి చెక్కాలి. అన్నీ ఒకదాని మీదొకటి కచ్చితంగా కూచోవాలి. ఏ ఒక్కటి వెంట్రుకవాసి వంగినా బెల్లం నీళ్ళలో ఇనుము ఊరేసి తీసిన నల్లరంగు గీత దాటిపోతుంది. ఆయన అన్నిటినీ తట్టి చూసి ఆ మధ్య నిట్రాడే ఏరుకున్నాడు.

"దాన్ని ఉంచేద్దామే" అన్నాను అమ్మ చెవిలో.

"హైదరాబాదులో మూడో అంతస్తులో నిట్రాడు ఎక్కడ పెడతావు?"

నిజమే, మా హాల్లో సోఫా పడితేనే మనిషి పక్కకి తిరిగి నడవాలి. నిట్రాడు వెళ్ళిపోయింది. దానికి పెద్దాయన పుచ్చుకున్న ధర మా కళ్ళముందే విన్నాం. ఆ రాత్రి అమ్మకి నిద్ర పట్టలేదు. నేను కంగారుపడి, ఎంతైనా యాభై ఏళ్ళ అనుబంధం కదా అనుకుంటూ పక్కన చేరాను.

"ఇంకో మూడు వేలు అడగాల్సింది" అంది చీకట్లో.

మిగతా ఇరవై ఆరు వేలూ పెద్దాయన నా చేతికివ్వబోయాడు. నేనూ అలవాటుగా చెయ్యి చాపాను. బ్యాంకులో వేసి తర్వాత వాటాలు చూసుకుందామని అన్నయ్య చెప్పి ఉన్నాడు.

"ఇటివ్వు" అంది అమ్మ.

"వాటాలు..." అన్నాను.

"ఆ సావిట్లో నాతో వాటాకొచ్చినవాళ్ళెవరో చెప్పవే."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. ఎందుకు తీసుకుందో మర్నాడు తాపీమేస్త్రీ వచ్చాక తెలిసింది. మా ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో సావిడి దాటాక ఉంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ వానైనా చలైనా అర్ధరాత్రైనా ఆ పెరడు దాటి వెళ్ళడమే. మొదట్లో అదీ లేదు, చేలగట్లే. నేను సెలవులకి వెళ్ళినప్పుడు రెండు రోజులు సణిగి వచ్చేసేదాన్ని. ఇప్పుడు వెనక వసారాకి ఆనించి స్నానాలగదీ దొడ్డీ కట్టమని అమ్మ మేస్త్రీకి చెబుతోంది. తలుపు పెరటివైపు పెడతానన్నాడాయన, వాస్తు ఏదో చెప్పాడు.

"వసారాలోకి పెట్టు. వాస్తు తడవదు, నేను తడుస్తాను" అంది అమ్మ.

చాలని డబ్బు నేనిస్తానన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, అప్పుగా" అంది.

నిన్న ఫోను చేసింది. రాత్రి జోరున వానట. రెండుసార్లు లేచిందట, గొడుగు తియ్యలేదట. బాబాయి కొత్త పడుగు ఎక్కించాడు. సావిడి ఉన్నచోట అమ్మ తోటకూర చల్లింది. యాభై ఏళ్ళ పేడ తిన్న నేల, కాడ బొటనవేలంత లావున లేచిందట. ఎవరైనా వస్తుంటే నాలుగు కట్టలు పంపిస్తానంది.

ఫోను పెట్టెయ్యగానే మా వారు పేపరు దించారు.

"తోటకూర ఎప్పుడొస్తోంది?"